శుక్రవారం బయటికి పోని డిస్కు

ట్రైనింగ్‌కు రెండు పేర్లు పంపమన్నారు. నా పేరు మూడోదిగా రాశారు. పేరు పక్కన ‘సహాయానికి’ అని ఉంది. ఆ కాగితం జెరాక్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎవరైనా అడిగితే చూపిస్తాను. అడగకపోయినా చూపిస్తాను.

ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. దానికి ఎమ్మిగనూరులో ఒక బ్రాంచి ఉంది. స్కానింగ్ బొమ్మలన్నీ సీడీల్లోకి ఎక్కించి, తేదీల వారీగా ఇనపపెట్టెలో సర్ది, రెండేళ్ల కిందటి బొమ్మ కావాలని ఎవరొచ్చినా పది నిమిషాల్లో తీసిచ్చింది నేనే. అలాంటిది రెండు ఊళ్ల బొమ్మలూ ఒకేచోట దాచే పెద్ద స్టోరేజ్ యంత్రం కొన్నారు. ఆదోనిలో పెట్టారు. దాన్ని నడిపే మనిషికి ఒక లాగిన్ ఇస్తారు. ఏ బొమ్మ ఉండాలో, ఏది తీసేయాలో, పోయినదాన్ని ఎలా వెనక్కి తేవాలో అన్నీ ఆ లాగిన్ చేతిలోనే ఉంటాయి. అది నాకు కాక ఇంకెవరికో వస్తుందని నేను అనుకోలేదు. అనుకోకపోవడం నా తెలివితక్కువతనం.

మొదటి పేరు పెద్దసారు మేనల్లుడిది. పెద్దసారు అంటే మా డాక్టరుగారి అన్న. డాక్టరుగారు రోగుల్ని చూస్తారు, మిగతాదంతా ఈయన చూస్తాడు. రెండో పేరు పెద్దసారు తనదే రాసుకున్నాడు. ఆరు రోజుల ట్రైనింగ్‌లో ఆయన ఒక్కరోజు కూడా రాలేదు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. అద్దం కట్టించి గదిలో తగిలించాడు.

ట్రైనింగ్ ఎమ్మిగనూరు బ్రాంచి మేడమీద జరిగింది. మేనల్లుడు ఆదోని నుంచి కారులో వచ్చేవాడు. నేను బస్సులో పోయేదాన్ని. కారు మా బస్సును దాటిపోవడం ఆరు రోజుల్లో నాలుగుసార్లు చూశాను. వెనకసీటు ఖాళీ. ఒక్కసారి కూడా ‘ఎక్కు’ అనలేదు.

నేర్పించడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. సగం ఇంగ్లీషు, పావు కన్నడం, పావు తెలుగు. మొదటిరోజు పొద్దున నన్ను చూసి, మేడం, టీ సంగతి చూస్తారా అన్నాడు. గదిలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి టీ నా సబ్జెక్టు అనుకున్నాడు. చూడలేదు. ఆరోజు ఎవరూ టీ తాగలేదు.

అయితే పాఠం బాగా చెప్పాడు. గిట్టనివాడైనా ఉన్నమాట అనాలి. బొమ్మల్ని ఒక డిస్కులో కాక నాలుగైదు డిస్కుల్లో పంచి పెడతారనీ, ఒకటి చెడిపోతే మిగతావాటిని చూసి అందులో ఏముందో యంత్రమే తిరిగి రాసుకుంటుందనీ చెప్పాడు. మేనల్లుడు ఫోను చూసుకుంటున్నాడు. నాకు వెంటనే అర్థమైంది. నా పుట్టిల్లు ఎమ్మిగనూరులో నేతపని చేసిన ఇల్లు. పడుగులో ఒక పోగు తెగితే అది ఏ పోగో పక్క పోగులే చెబుతాయి. అలాగని రెండు మూడు తెగేదాకా ఊరుకుంటే ఏ పోగూ ఏదీ చెప్పదు. యంత్రంలోనూ అంతే. అందుకే దాని మీద భరోసా పెట్టుకోకుండా, వారానికోసారి మొత్తం బొమ్మల నకలు విడి డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును వేరే ఊళ్లో ఉంచాలి. అదే బ్యాకప్. దాంట్లోంచి బొమ్మను వెనక్కి తెచ్చి చూసుకోనంతవరకూ అది బ్యాకప్ అని నమ్మకూడదు అని కూడా చెప్పాడు. మేనల్లుడు అది ఒకసారి చేశాడు, అదీ ఆయన పక్కన నిలబడి ఏ బటన్ నొక్కాలో వేలు పెట్టి చూపిస్తే. నేను క్లాసు అయ్యాక ఆగి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ బొమ్మ వచ్చింది.

నాలుగోరోజు బోర్డు మీద షెడ్యూల్ రాశారు. వారం నకలు శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆదోనిలో పూర్తవుతుంది. ఎమ్మిగనూరు నుంచి రక్తం శాంపిళ్లు తీసుకుని నాలుగింటికి బయలుదేరే బండి, అక్కడున్న పాత డిస్కును ఆదోనికి తెస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు కొత్త డిస్కును ఎమ్మిగనూరుకు పట్టుకొస్తుంది. బోర్డు మీద బాణాలతో చక్కగా ఉంది.

మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం దీపం పెట్టాక ఏ వస్తువూ గడప దాటకూడదు. లక్ష్మి పోతుందని పెద్దసారు నమ్మకం. రోగి అడిగినా ఫిల్ము ఇవ్వరు, శనివారం రమ్మంటారు. పక్క మందులషాపువాళ్లు స్టూలు అడిగినా ఇవ్వరు. లోపలికి రావడానికి మాత్రం అడ్డం లేదు. శుక్రవారం ఏది వచ్చినా మంచిదే. దీపం పెట్టేది ఆరింటికి.

నేను చెయ్యెత్తాను. “శుక్రవారం ఆరింటికి డిస్కు బయటికి ఎవురు పంపిస్తారు సార్? ఆ టయానికి దీపం పెట్టేసుంటారు” అన్నాను.

మేనల్లుడు ఫోను మీంచి తల ఎత్తాడు. “అక్కా, అది డిస్కు. లక్ష్మీదేవి దాంట్లో ఏంటికుంటాదిలే” అన్నాడు.

“ఆ మాట మీ మామకు సెప్పు. నాకు కాదు.”

ట్రైనర్ నవ్వి, ఇవి మీ లోకల్ విషయాలు, మీరే చూసుకోండి అన్నాడు. గురువారానికి మార్చండి అన్నాను. సహాయానికి వచ్చినవాళ్లు షెడ్యూల్ మార్చమంటే ఎట్లా అన్నాడు మేనల్లుడు. అప్పటిదాకా ఆ కాగితం సంగతి నాకు తెలియదు. అలా తెలిసింది.

లాగిన్ మేనల్లుడికి ఇచ్చారు. నన్ను ఎమ్మిగనూరు బ్రాంచికి మార్చారు. రోజూ రానుపోను బస్సు. పని ఏమిటంటే, డిస్కు వస్తే పుస్తకంలో ‘వచ్చింది’ అని రాసి బీరువాలో పెట్టడం. పదకొండేళ్ల అనుభవానికి ఇచ్చిన పని అది.

మొదటి శుక్రవారం నాలుగింటికి పాత డిస్కును బండిలో పంపాను. రాత్రి బండి ఖాళీగా వచ్చింది. “దీపం పెట్టినారంటక్కా, ఇయ్యలేదు. రేపు సూద్దామన్నాడు” అన్నాడు డ్రైవరు. శనివారం ఫోన్ చేస్తే, షెడ్యూల్‌లో శనివారం లేదు, వచ్చే వారం పంపుతానన్నాడు మేనల్లుడు. వచ్చే వారం కూడా దీపం పెట్టారు. ఆరోజు నుంచి ఎమ్మిగనూరులో డిస్కు లేదు. రెండు డిస్కులూ ఆదోనిలోనే, యంత్రం ఉన్న గదిలోనే, ఒకే బీరువా కింది అరలో ఉన్నాయి. పాతది చేతిలోంచి వదలడమే నీ పొరపాటని తర్వాత ఒకరు అన్నారు. కాదు. అది షెడ్యూల్. షెడ్యూల్ ప్రకారం పంపింది నేనొక్కదాన్నే.

ప్రతి శుక్రవారం పుస్తకంలో ‘రాలేదు’ అని రాసి సంతకం పెట్టాను. మూడో వారం పెద్దసారుకు ఉత్తరం రాశాను. గురువారం పంపండి, లేదా శనివారం పంపండి, శుక్రవారమే కావాలంటే దీపం అరగంట ఆలస్యంగా పెట్టండి అని. ఆయన ఫోన్ చేసి, దీపం ఎప్పుడు పెట్టాలో కూడా నువ్వే చెబుతావా అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, మా కులం ఎత్తి. అది ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు.

అప్పుడు డాక్టరుగారి దగ్గరికి పోగలిగేదాన్నే. పోలేదు. కాగితం ఇచ్చాను, చదవాల్సింది వాళ్లు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఏడో వారం గడిచాక ఒక సోమవారం పొద్దున పెద్దసారు ఫోన్. ఆదివారం మేడమీద నీళ్లట్యాంకు పైపు ఊడి, నీళ్లు స్లాబులోంచి కారి, నేరుగా యంత్రం మీద పడ్డాయట. బీరువా కింది అర నీళ్లతో నిండిపోయిందట.

“ఏమ్మా, నీ దగ్గరుండే డిస్కు తీసుకోని బిరీన రా.”

“నా దగ్గర డిస్కు లేదు సార్.”

“పంపినామని ఈడ రాసుండారే.”

“రాలేదని నేను ఈడ రాసినాను. ఏడు సార్లు.”

మేనల్లుడు ప్రతి శుక్రవారం ‘పంపాం’ అని రాసుకున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాశాడట.

పుస్తకం తీసుకుని బస్సెక్కాను. ముందు పెద్దసారు గదికి పోలేదు. స్కానింగ్ గదికి పోయాను. ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పని విషయం ఒకటి నాకు తెలుసు. స్కానింగ్ యంత్రం తాను తీసిన బొమ్మల్ని తనలో కూడా కొన్నాళ్లు ఉంచుకుంటుంది. చోటు నిండాక కొత్త బొమ్మ వచ్చినకొద్దీ అన్నిటికంటే పాతది దానంతటదే చెరిగిపోతుంది. తెర మీద జాబితా చూశాను. కొత్త స్టోరేజ్ పెట్టిన మొదటి వారం నుంచి ఉన్నాయి. అంతకుముందువి ఎలాగూ నా సీడీల్లో ఉన్నాయి. జాబితాలో పైనున్న పేర్లు, అంటే అన్నిటికంటే పాతవి, చీటీ మీద రాసుకుని పెద్దసారు గదికి పోయాను.

మేనల్లుడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెద్దసారు నన్ను కూర్చోమన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి. నెమ్మదిగా మాట్లాడాడు. ఆ ఏడు గళ్లూ కొత్త పుస్తకంలో ‘వచ్చింది’ అని రాసి, డిస్కు ఎమ్మిగనూరులోనే చెడిపోయిందని రాస్తే, లాగిన్ నాకే ఇస్తానన్నాడు. జీతం సంగతి కూడా చూస్తానన్నాడు.

“పుస్తకం మార్చను. బొమ్మలు స్కానింగ్ మిషన్లో ఉండాయి, తీస్తాను. ముందు లాగిన్ నా పేరు మీద రాసి సంతకం పెట్టండి. నేను సెప్పేదాకా కొత్త స్కానింగ్ ఆపండి” అన్నాను.

“ఇప్పుడా అడిగేది?”

“ఇప్పుడే. రేపు మీకు నాతో పనుండదు.”

స్కానింగ్ ఆపితే బయట కూర్చున్నవాళ్లు వేరే ఆసుపత్రికి పోతారన్నాడు. లాగిన్ తర్వాత ఇస్తాను, ముందు పని మొదలుపెట్టు అన్నాడు. తర్వాత అనే మాట ఆ గదిలో నేను ఎన్నిసార్లు విన్నానో ఆయనకు గుర్తుండదు. నేను కదల్లేదు. అరగంట అయింది. అవతలి గదిలో స్కానింగ్ ఆగలేదు. ప్రతి బొమ్మకూ తలుపు మీద ఎర్రలైటు వెలగడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి డాక్టరుగారు లోపలికి వచ్చి, రెండు మాటలు విని, రాసివ్వన్నా అన్నారు. పెద్దసారు రాశాడు. నా పేరులో ఒక అక్షరం తప్పు రాశాడు. మళ్లీ రాయించాను.

స్కానింగ్ ఆపించి, రెండురోజులు కూర్చుని రెండు ఊళ్ల మిషన్లలోంచీ బొమ్మలు బయటికి తీశాను. ఎవరూ పక్కన నిలబడి వేలు పెట్టి చూపించలేదు. అన్నీ అయ్యాక నా చీటీతో పోల్చి చూశాను. మొదటి రెండు పేర్లు జాబితాలో లేవు. ఆ అరగంటలో పోయాయి.

ఇప్పుడు కొత్త యంత్రం ఉంది. లాగిన్ నాది. మేనల్లుడికి చూడటానికి మాత్రమే వీలుండేలా ఒకటి తయారుచేసి ఇచ్చాను. డిస్కు గురువారం పోతోంది. పెద్దసారు నాతో మాట్లాడడు. నాకేం లోటు లేదు.

కొన్ని వారాలకు మాధవరం నుంచి ఒక రైతు తన భార్యను తీసుకుని వచ్చాడు. కర్నూలు డాక్టరు పాత స్కానింగూ కొత్త స్కానింగూ పక్కపక్కన పెట్టి చూడాలన్నాడట, గడ్డ పెరిగిందో లేదో తెలియాలంటే. ఆమె పేరు నా చీటీలో రెండోది. అలా ఎవరైనా వస్తే మిషన్ పాడైందని చెప్పమని కౌంటరులో ముందే చెప్పి ఉంచారు. నేను బయటికి వచ్చి చెప్పాను, మిషన్ పాడవలేదని. డిస్కు పంపకపోవడం, నీళ్లు, లాగిన్ కోసం పోయిన అరగంట, అన్నీ చెప్పాను. ఆవిడ బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చుంది.

“ఆ అరగంట ఆపినోళ్లు ఎవురమ్మా?” అన్నాడు రైతు.

“పెద్దసారు. నేనూ.”

“లాగిన్ అంటే ఏంది?”

“బీరువాకు తాళంచెవి మాదిరి. అది నాకు రావాల్సింది. ఇయ్యలేదు.”

“ఇప్పుడు వచ్చెనా?”

వచ్చిందన్నాను. డబ్బు తీసుకోకుండా మళ్లీ స్కానింగ్ తీయిస్తానని చెప్పాను. మళ్లీ తీస్తే ఇప్పటిదే కదమ్మా వచ్చేది, అప్పటిది రాదు కదా అన్నాడు. నిజమే. కర్నూలు డాక్టరుకు నేనే ఉత్తరం రాసిస్తాను, కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. కర్నూలు డాక్టరు ఇచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, భార్య భుజం తట్టి లేపి, ఆమె చెప్పులు కాలితో దగ్గరికి జరిపి, తీసుకుపోయాడు.