నాయన పాడె గ్యాస్ గోయి దాటిన రోజు

నాకు చదువు అబ్బలేదు గానీ సంతకం మాత్రం బ్రహ్మాండంగా అబ్బింది. ఆరో తరగతిలో నేను బడి మానుకున్నప్పుడు మా అయ్యవారు, "పోనీలేరా, ఆ తలకాయ కొబ్బరికాయన్నా అయ్యుంటే దేవుడికి కొట్టుకుందుము" అన్నాడు. ఆయన మాట ఎంత నిజమో గ్యాస్ పైపులోళ్లు మా ఊరికి వచ్చినాక తెలిసింది.

మాది నాయుడుపేటకు పడమర పక్క చిన్న పల్లె. నిమ్మతోటలు, కొంచెం వరి. గ్యాస్ లైను మా పొలాల కింద పోతుందని కొలతలోళ్లు ఎర్రజెండాలు పాతి పోయినారు. భూమి మాదేనంట. పైపు పోయే మేర మాత్రం చెట్టు పెట్టకూడదంట, బావి తవ్వకూడదంట. నిమ్మతోట ఉండేవాడికి చెట్టే కూడదంటే ఇంకేం మిగిలినట్టు? ఊరంతా రామాలయం అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. లైనును రోడ్డు పక్క బీడు నేల మీదికి తిప్పమని అడుగుదాం, అందాకా ఎవరూ సంతకం పెట్టొద్దు. దానికి అందరికంటే గట్టిగా తల ఊపినోణ్ని నేనే.

తర్వాత వారం, గూడూరు మార్కెట్టుకు నిమ్మకాయల మూటలు ఎత్తే హడావుడిలో ఉన్నప్పుడు ఆ పైపులోళ్ల తరపున ఒకాయన వచ్చి కాగితం చాపినాడు. నోటీసు ముట్టినట్టు సంతకమేమో అనుకుని, చదవకుండా, వంకీలు తిప్పి మరీ పెట్టిచ్చినాను. అది ఒప్పుకోలు కాగితం. సాయంత్రానికల్లా "చూడండి, మీవాడే ఒప్పుకున్నాడు" అని ఇంటింటికీ చూపించినారు. ఇంకేముంది, ఒకరి వెనక ఒకరు పెట్టేసినారు.

మా పక్క తోట మామది. వరసకు నాయన ఆయనకు బావ అవుతాడు. లైను కోసం రంపం ఆయన తోట నడిమధ్యగా పోయింది. కాపు మీదుండే చెట్లు. కింద రాలిన కాయల్ని మామ ఏరుకోలేదు, ఎవర్నీ ఏరుకోమనలేదు. అట్లనే ఎండి నల్లబడినాయి. ఆ పొద్దు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. ఊరు కూడా అంతే. టీకొట్టుకాడ నేనొక జోకు వేస్తే అందరూ గ్లాసుల్లోకి చూసుకునేవాళ్లు. నాయన మాత్రం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టుంటే బాగుండేది.

మా ఊళ్లో ఎవరు పోయినా పాడె కట్టేది నాయనే. పచ్చి వెదుర్లు రెండు, వాటికి అడ్డంగా చీల్చిన వెదురు దబ్బలు, కొబ్బరితాడు. ఆయన వేసిన ముడి కాటిదాకా సడలేది కాదు. ముందు భుజం కూడా ఆయనే పట్టేవాడు. అట్లాంటి మనిషి, వానలకు పైపు పని ఆగిపోయిన రోజుల్లో, రెండ్రోజులు జ్వరం కాసి తెల్లారేసరికి పోయినాడు.

అమ్మ ఏడుస్తానే అడిగింది, "ఒరే, ఈయనకు పాడె ఎవరు కడతార్రా?"

ఏ ముఖం పెట్టుకుని ఒకరి గడప ఎక్కేది? వాకిట్లో నిప్పు రాజేసి కూర్చున్నాను.

పొద్దెక్కినాక మామ వచ్చినాడు. భుజం మీద రెండు వెదుర్లు. నా పక్క చూడకుండా కూలబడి కట్టడం మొదలుపెట్టినాడు. ముడి రెండుసార్లు జారింది. "ఈ బావ ఎట్లా వేసేవాడబ్బా" అని గొణుక్కుని, మూడోసారి పళ్లతో పట్టి బిగించినాడు. ఆయన వెనకాలే ఒక్కొక్కరు వచ్చి వాకిట్లో నిలబడినారు.

మా కాటికి బండి బాట లేదు. పొలం గట్టే దారి. ఆ దారికి అడ్డంగా పైపు కోసం గోయి తవ్వి పెట్టినారు. మనిషి నిలువు లోతు, అడుగున మోకాటి బురద. అది సరిగ్గా దింపుడుకళ్లం ఉండే చోటు. పాడెను ఆడ దించి, పోయినోళ్ల చెవిలో మూడుసార్లు పిలిచి చూడటం మా ఆచారం. ఇప్పుడు ఆడ దించేదానికి నేలే లేదు.

"చుట్టు తిరిగి పోదామా?" అన్నారెవరో.

"యాడికి పోతావప్పా, రోడ్డుదాకా ఇట్లనే ఉండాది" అని మామ పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగినాడు. "మీది నుంచి అందియ్యండి."

ఆయన వెనక ఇంకో ఏడుగురు దిగినారు. అందరూ ఆ లైనుకు చెట్లు పోగొట్టుకున్నోళ్లే. కుర్రోళ్లు నలుగురు గోతిలో దిగి అవతలి గట్టు ఎక్కి నిలబడినారు. ఇవతలి గట్టు మీదోళ్లు పాడెను గోతిలో ఉన్నోళ్ల చేతుల్లోకి జార్చినారు. అవతలి గట్టుకు ఎత్తబోతుంటే ఒక ముసలాయన, "పిలవకుండా దాటిస్తారా?" అన్నాడు.

"దించేది యాడ?" అన్నాను నేను.

"మేం పట్టుకుంటాం. నువ్వు దిగి పిలువు" అన్నాడు మామ. ఇన్ని నెలల్లో నాతో అన్న మొదటి మాట అది.

నిప్పుకుండ పక్కాయన చేతికిచ్చి దిగినాను. నాయన చెవి నా నోటికాడికి వచ్చేటట్టు పాడెను రొమ్ముదాకా దించినారు.

"నాయనా" అన్నాను. ఆయన చెంప మీద పడిన బురద చుక్కను తుడుస్తా ఉండిపోయినాను. పాదాలు బురదలో దిగబడతా ఉన్నా ఒక్కరు కూడా కానియ్‌మనలేదు. ఎట్లనో రెండోసారి పిలిచినాను. మూడోసారి "నాయనా, తప్పయిపోయింది" అని వచ్చేసింది నోట్లో నుంచి. ఆ గోతిలో అందరికీ వినబడింది. పాడె పైకి లేచింది, అవతలి గట్టు మీది చేతులు అందుకున్నాయి.

కర్మంతరం రోజు భోజనాలైనాక మామ పక్కన పోయి కూర్చున్నాను. మంచి మాట ఏదన్నా చెప్పాలని ఉండాది. నాకు వచ్చే మంచి మాటలు మీకు తెలిసినవే కదా.

"మీరు వస్తారని నేను అనుకోలేదు మామా. నాయుడుపేటకు పోయి నలుగుర్ని అద్దెకు తెచ్చుకుందామనుకుంటిని" అన్నాను.

మామ వక్క నములుతా నన్ను పైనుంచి కిందిదాకా చూసినాడు.

"అది నీ చావుకు తెచ్చుకోరా అల్లుడా. మా బావను అద్దెకొచ్చినోళ్లు మోసేదేంది?"