పురుగు తిన్న మోదుగాకు

1973 శ్రావణం, పెళ్లికి ముందురోజు సాయంత్రం. శేరిలింగంపల్లి పక్క పల్లెలో మేం అద్దెకున్న ఇంటి వాకిట్లో ఉన్నవాళ్లు: ఇంటి యజమాని, ఆయన తల్లి, మర్నాడు పెళ్లి కావలసిన ఆయన కూతురు, ఆయన బావమరిది, నా భార్య, నేను. మా ముందే ఒక కోడి మెడ తిప్పుకుని పడి చచ్చిపోయింది.

మోదుగ ఫాల్గుణంలో ఆకు రాల్చి పూస్తుంది. ఎండల్లో కొత్తాకు వేస్తుంది. తొలకరి పడగానే పచ్చ పురుగులు పట్టి ఆ ఆకును జల్లెడ చేస్తాయి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. శ్రావణం పెళ్లిళ్లకు విస్తళ్లు కుట్టేది ఆ రెండో ఆకుతోనే. ఆ ఏడు పురుగులు దాన్నీ వదల్లేదు. ఇంటి వెనక చెట్ల ఆకు మాత్రం చిల్లు లేకుండా దొరికింది. దాంతోనే విస్తళ్లు కుట్టి వసారాలో దొంతులు పెట్టారు.

"చెట్ల కింద రాలిన పురుగులు మేసిందది," అంది ముసలమ్మ కోడిని చూసి.

బావమరిది ముఖం పాలిపోయింది. "బావా, ఆ చెట్లకు పురుగుల మందు నేనే చల్లిన. ఆకు ఖరాబైతదని."

"ఎప్పుడు?"

"ఆకు కోసేముందు."

యజమాని దొంతులవైపు చూశాడు. "రేపు మగపెళ్లోళ్లు వీట్లనే తినాలె గదరా!"

"కడిగితే పోతది, బావా."

"నువ్వు తింటవా ముందుగాల?" అంది ముసలమ్మ.

"పట్నం నుంచి అరిటాకులు తెప్పిస్తేనండీ?" అంది నా భార్య.

"ఆఖరు బస్సు పోయిందమ్మా," అన్నాడు యజమాని.

పెళ్లికూతురు పసుపు చేతులతోనే లేచింది. "నాయినా, గుట్ట మీది చెట్లకు పురుగులు ఇంక మేస్తనే ఉన్నయి. వాటికి మందు పడలే. ఆ ఆకు తెండ్రి."

"అన్నీ చిల్లులే బిడ్డా. చారు కారిపోతది."

"రెండాకులు కలిపి కుట్టుండ్రి."

వెలుగుండగానే గుట్టెక్కాం. పురుగు కదులుతున్న కొమ్మనే వంచి, దులిపి, ఆకు కోశాం. ఒకదాని చిల్లు మీద ఇంకొకదాని చిల్లు పడకుండా నేను ఆకులు జత చేసి ఇస్తుంటే ఆడవాళ్లు కుట్టారు. పాత దొంతులను, కోడిని ఒకే గుంతలో పూడ్చాం.

మర్నాడు పొద్దున పెళ్లి కాగానే మొదటి బంతి కూర్చుంది. పెళ్లికొడుకు తండ్రి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. విస్తరి అంచున ఉన్న పచ్చ పురుగును వేలి మీదికి ఎక్కించుకున్నాడు.

"ఏంది బావా, కూరలు సరిపోలేదా?" అని యజమానిని అడిగాడు.

యజమాని వంగి చూశాడు. "బతికే ఉన్నదా?"

"పాకుతుంది గదా! కనిపిస్తలేదా?"

"అయితే ఫికర్ లేదు. తిను బావా, కడుపునిండ తిను!" అని యజమాని కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

వియ్యంకుడు ఆయన్ను ఎగాదిగా చూశాడు. పురుగును పందిరి గుంజకు ఎక్కించి, చారు పోయమన్నాడు.