పతకం అంచు మీది పేరు

రెండు వేల పంతొమ్మిది, ఆగస్టు. అనకాపల్లి మెయిన్ రోడ్డు పక్క సందులో నా వెండి మరమ్మతు కొట్టు. ఒకప్పుడు మా ఇంట్లో వెండి పళ్లేలు తోమడానికే ఇద్దరు మనుషులుండేవారు. ఇప్పుడు ఊరివాళ్ల వెండి నేను తోముతున్నాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. కాని మాసిన వస్తువు నా గడప దాటి వెళ్లకూడదన్నది నా పట్టుదల.

ఎస్. రాయవరం వైపు సముద్రపొడ్డు నుంచి నూకాలు అనే చేపలమ్మే ఆవిడ వచ్చింది. కొంగుముడి విప్పి నల్లబడిన వెండి పతకం బల్ల మీద పెట్టింది. సేనా మెడల్, సైన్యంలో సాహసానికి ఇచ్చేది. రిబ్బను తగిలించే కడ్డీ ఊడి వేలాడుతోంది.

"మా అయ్యది బాబుగారూ. డెబ్బై ఒకటి యుద్ధంలో ట్యాంకు తోలేడు. నిప్పంటుకుంటే ఇద్దర్ని బయటికి లాగేడు. మూడోవోడు లోపలే ఉండిపోనాడు."

"కడ్డీ అతికించి అద్దంలా చేసిస్తాను."

"మెరుపొద్దు. అతికించండి, సాలు. లోపలోడు నల్లగా మాడిపోతే ఇదెందుకు మెరవాలనీవోడు అయ్య. ఒక్కసారీ తోమనేదు." అంతలోనే నూనె రాసి మెలేసిన నా మీసాలకేసి చూసి నవ్వింది. "మెరుపుకి మీ మీసాలున్నాయి కదేటి!"

ఇలాంటి పతకాల అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. ఎల్లుండి పంద్రాగస్టున ఊరి బడిలో పంతులుగారు ఆ పేరు చదివి పిల్లలకు వినిపిస్తారట. కాయితాలన్నీ తుఫానులో పోయాయట. "అయ్య పేరు మిగిలింది దీని మీదే," అంది.

మర్నాడు టంకం పెట్టాను. వేడికి అతుకు చుట్టూ నలుపు పోయి తెల్లటి మచ్చ పడింది. ఆ మచ్చ నా పనితనానికి అవమానంలా కనిపించింది. పతకాన్ని బఫింగ్ వీల్‌కి ఆనించాను. అది గుడ్డపొరల చక్రం. మెరుగు పెడుతూనే వెండిని కొంచెం కొంచెం తినేస్తుంది. ముందు మచ్చ ఒక్కటే అనుకున్నాను. తర్వాత ముఖమంతా. తర్వాత అంచు. ఆపి చూసేసరికి అంచు నున్నగా ఉంది. ఏళ్ల తరబడి చేతుల్లో నలిగి ఆ అక్షరాలు అప్పటికే అరిగి ఉన్నాయని చూసుకోలేదు. భూతద్దం పెట్టి వెతికితే రెండు అంకెలు దొరికాయి.

సాయంత్రం నూకాలు వచ్చి పతకాన్ని తిప్పి తిప్పి చూసింది.

"పేరేది బాబుగారూ?"

"మళ్లీ చెక్కిస్తాను. అచ్చం అలాగే ఉంటుంది."

"ఒద్దు. మీరు రాయించినట్టుంటాది గానీ ఆళ్లిచ్చినట్టుండదు."

తప్పయిందని అనాల్సింది. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట అలవాటు లేదు. నా నోట కూడా రాలేదు. ఆవిడ పతకాన్ని కొంగున ముడేసుకుంది. "సెప్పేను కదా బాబూ, మెరుపొద్దని," అని మెట్లు దిగింది. 'గారు' తీసేసిందని ఆ క్షణంలోనూ గమనించాను.

బడిలో ఏం జరిగిందో కనుక్కోవడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆవిడ పతకం తీసుకెళ్లిన రాత్రే ఇంటికెళ్లి తాతగారి చేతికర్ర తీశాను. వెండి పిడి మీద ఆయన పేరు ఉండేది. ప్రతి ఆదివారం నేనే మెరుగు పెట్టేవాణ్ని. దీపం కింద చూశాను, వేలితో తడిమాను. ఎప్పుడు పోయిందో తెలియదు.

ఇప్పుడు ఏ వస్తువు వచ్చినా ముందు వేలితో తడిమి చూస్తాను. రాత తగిలితే నల్లగానే తిరిగిస్తాను. తాతగారి కర్రను మళ్లీ తోమలేదు. పిడి నల్లబడింది. పేరు తిరిగి రాలేదు.