మహిళా మండలి గంజులు

తెలంగాణ ఉద్యమకాలంలో తార్నాక మహిళా మండలి రెండు ముక్కలు కాకుండా ఆపింది నేనే. ఈ సంగతి కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

కుట్టు క్లాసులు, పచ్చళ్ల పోటీలు తప్ప మరేమీ ఎరగదని నేను నవ్వే ఆ మండలి, యూనివర్సిటీ గేటు ముందు వంటావార్పు చేస్తామంది. రోడ్డు మీదే వండుకు తినడం అప్పట్లో నిరసన. అయితే వందమందికి వండే మండలి గిన్నెలు, ఆ పెద్ద గంజులన్నీ అధ్యక్షురాలి ఇంట్లో ఉన్నాయి. ఆమె గుంటూరు నుంచి వచ్చిన టీచరమ్మ. గంజులిస్తుందా, మండలినే వదిలేస్తుందా అని నా బెంగ. వెళ్లి అరగంట చరిత్ర బోధించి, ఆమె మనసు మార్చి, గంజులు మోసుకొచ్చాను.

సరే, అరగంట కాదు, రెండు నిమిషాలు. బోధన కూడా కాదు, నమస్కారం పెట్టానంతే.

మండలి కార్యదర్శి అయిన మా ఆవిడ ఇక్కడిదాకా చదివి కాగితం బల్ల మీద పడేసింది.

"ఏంది, నువ్వు పోయినవా? 'ఆంధ్రామె ఇయ్యది, అడిగి ఇజ్జత్ తీసుకోకు' అని కుర్చీ నుంచి లేవలే నువ్వు. నేను అడగకముందే ఆమె గంజులు ఆటోల ఏసుకొని వచ్చింది. పులిహోర గూడ ఆమెనే కలిపింది. నువ్వు రెండుసార్లు పెట్టించుకొని తిన్నవ్. గదే నువ్వు చేసిన ఉద్యమం!"