రాయి మీద పేరున్న మనిషి

బస్సు దిగి నాలుగు రోడ్ల కూడలి దాటబోతూ అతను ఆగిపోయాడు. తను యుద్ధానికి వెళ్ళినప్పుడు అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు ఇనుప కంచె మధ్య, మనిషి ఎత్తుకు మించిన పసుపుపచ్చ రాయి నిలబడి ఉంది. దాని మీద వరసగా పేర్లు చెక్కి ఉన్నాయి. కింది నుంచి రెండో పేరు తనదే.

శత్రువుల చెరలో ఏళ్ళ తరబడి మగ్గి, ఖైదీల మార్పిడిలో విడుదలై వస్తున్నాడతను. తన గురించి ఇంటికి ఏ కబురు వెళ్ళిందో ఇంతవరకూ తెలియదు. చచ్చిపోయానని తన పేరు చదివి తనే తెలుసుకున్నాడు. ఆ పేరుకు ఆనుకుని, అన్నిటికంటే కింద, స్నేహితుడి పేరుంది. అది మాత్రం నిజం. పక్క వీధివాడు. ఇద్దరూ కలిసే సైన్యంలో చేరారు, ఇద్దరికీ వైర్‌లెస్ పనే ఇచ్చారు. గుండు పడినప్పుడు ఒకే కందకంలో ఉన్నారు. ఒకడే లేచాడు.

ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. తల్లి తలుపు తీసి, ఒక్క క్షణం తేరిపార చూసి, చెంప ఛెళ్ళుమనిపించింది. మరుక్షణం ఆ చెంపనే రెండు చేతులా పట్టుకుని భోరుమంది. "ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ!" అనేసి, అన్నాక తనే నాలిక కరుచుకుంది.

ఊరంతా వాళ్ళింటి మీద పడింది. ఆ సందడి సద్దుమణగకముందే పేర్లు చెక్కిన మేస్త్రి ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని వచ్చాడు. పాపం, తలెత్తి చూడలేకపోతున్నాడు. "తప్పయిపోయింది బాబూ. పద, నీ కళ్ళముందే ఆ పేరు చెక్కేసి నున్నగా చేస్తా," అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి కూడలిలో స్నేహితుడి తల్లి ఉంది. రోజూ పొద్దున్నే బిందెతో నీళ్ళు తెచ్చి ఆ రాయి కడుగుతుందట. ఉలి చూడగానే ఆవిడ అడ్డం వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"నా పేరు తీయిస్తున్నా పెద్దమ్మా. నేను బతికే ఉన్నాగా."

ఆవిడ తడిచేత్తో రెండు పేర్లనూ కలిపి తడిమింది. "మావాడికి ఒంటరిగా ఉండటమంటే చిన్నప్పటి నుంచీ బెంగ. నీకు తెలుసుగా. నువ్వెటూ మా కళ్ళముందు తిరుగుతుంటావు. పేరొక్కటీ వాడి పక్కన ఉండనీ నాయనా. నీకేమైనా నష్టమా?"

అతనికి నష్టమేమీ కనబడలేదు. మేస్త్రి ఉలి మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

నష్టం సంగతి తర్వాత తెలిసొచ్చింది. కూడలికి ఎదురుగా రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకుందామని కరెంటు ఆఫీసుకు వెళ్తే, గుమాస్తా కిటికీలోంచి రాయిని చూపించి, "ముందు అక్కణ్ణించి దిగి రండి సార్, తర్వాత కనెక్షన్ ఇద్దాం," అని పగలబడి నవ్వాడు. పెళ్ళి సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. చచ్చినవాళ్ళ వరసలో పేరున్నవాడికి పిల్లనెలా ఇస్తామని నసిగారు. చివరికి ఒక అమ్మాయి మాత్రం తన మేనమామల్ని నోరెత్తనివ్వలేదు. "చావు ఒకసారి వచ్చి ఖాళీచేతులతో పోయింది. మళ్ళీ అంత తొందరగా ఆ గడప తొక్కదు. నాకు ఈయనే నచ్చాడు," అని తేల్చేసింది.

కరెంటాఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా కనెక్షనూ వచ్చింది. అలా ఇల్లూ దుకాణమూ రెండూ నిలబడ్డాయి. రేడియో విప్పి బల్ల మీద పరిచి, టంకం వేస్తూ, ఎదురుగా కూర్చున్నవాళ్ళు అడిగితే రాయి కథ చెప్పేవాడు. అది ఊరి పాత వంతెన స్తంభం. అంతకు ముందు తరంలో జరిగిన యుద్ధానికి కూడా ఊరి కుర్రాళ్ళు ఆ వంతెన మీదుగానే నడిచి వెళ్ళారు. వరదకు వంతెన కొట్టుకుపోతే, మిగిలిన ఆ ఒక్క స్తంభాన్నీ జనమే తాళ్ళు కట్టి భుజాల మీద మోసుకొచ్చి కూడలిలో నిలబెట్టారు. ఒక ముఖాన పాత యుద్ధం పేర్లు, ఇంకో ముఖాన కొత్తవి. స్నేహితుడి తల్లి మంచాన పడ్డాక నీళ్ళ బిందె అతని చేతికొచ్చింది. తన పేరు తనే కడుక్కుంటున్నాడని పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. జుట్టు నెరిసేసరికి అతని అసలు పేరు జనం మరిచిపోయి, 'రాయిమీద తాత' అనడం మొదలుపెట్టారు.

ఆ తాతకు చేతులు వణికి దుకాణం కొడుక్కి అప్పగించిన రోజుల్లో రోడ్డు వెడల్పు చేసే పని వచ్చిపడింది. రాయి తీసేసి, నల్లగా నిగనిగలాడే కొత్త రాతి మీద బంగారు రంగుతో పేర్లు రాయిస్తామని మున్సిపల్ చైర్మన్ సభ పెట్టి చెప్పాడు. మనిషి మంచివాడే. "మీ పేరు ఇన్నాళ్ళూ అందులో ఉండటం మాకే నామోషీ తాతగారూ. కొత్తదాంట్లో ఆ తప్పు ఉండదు," అన్నాడు.

అతనికి సభల్లో మాట్లాడే అలవాటు లేదు. భార్య మోచేత్తో పొడిచింది. లేచాడు.

"తప్పే బాబూ, కాదనను. కానీ ఆ తప్పు మన ఊరిది. అప్పట్లో కబుర్లు అలాగే వచ్చేవి. అది చెరిపేస్తే, నేను లేననుకుని మా అమ్మ ఏడ్చిన ఏడ్పంతా ఎక్కడికి పోతుంది? ఆ రాయి మోసుకొచ్చినవాళ్ళ భుజాలు కాయలు కాశాయి. కొత్తది నిగనిగలాడుతుంది, నిజమే. దాన్ని ఎవరు మోశారని చెప్తారు?"

పురావస్తు శాఖ నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. రాయిని పొద్దుటి నుంచీ చూస్తున్నానని, దాని వెనక ముఖాన అడుగున వంతెన కట్టినవాళ్ళు చెక్కుకున్న గుర్తులున్నాయని చెప్పింది. ఇన్నేళ్ళు కడిగినా ఆ సంగతి అతనికి తెలియదు. చిన్నపిల్లాడిలా, "ఏవీ, ఎక్కడ?" అని అడిగాడు. ఆ అమ్మాయి నవ్వి, "చూపిస్తాను తాతగారూ," అని చైర్మన్ వైపు తిరిగింది. "ఇలాంటి రాయి పోతే మళ్ళీ రాదండీ. రక్షిత కట్టడాల్లో చేర్చమని రాస్తాను. కావాలంటే గ్రంథాలయం ఆవరణలోకి జరపొచ్చు. పేర్లు ముట్టుకోవద్దు. పక్కన చిన్న పలక పెట్టి అసలు సంగతి రాద్దాం."

"పలక మీద ఏం రాయమంటారు?" అని చైర్మన్ అడిగాడు.

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "వీళ్ళలో ఒకడు తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, ఊళ్ళో రేడియోలన్నీ బాగుచేశాడని రాయండి."

"పెళ్ళి మాట ముందు రాయించండి," అంది భార్య. సభంతా గొల్లుమంది. చైర్మన్ కూడా నవ్వాపుకోలేక, కొత్త రాయి మాట అక్కడితో వదిలేశాడు.

ఎండలు తగ్గాక క్రేను వచ్చింది. రాయికి పరుపులు చుట్టి పైకి లేపుతుంటే, అతను చెయ్యెత్తి "మెల్లగా, మెల్లగా" అంటూ లారీ పక్కనే గ్రంథాలయం దాకా నడిచాడు. వెనక అంగళ్ళవాళ్ళూ, బడిపిల్లలూ, కరెంటాఫీసు వాళ్ళూ నడిచారు.

రాయి కుదురుకున్నాక చిన్న సభ జరిగింది. పురావస్తు శాఖ అమ్మాయే ఒక్కొక్క పేరూ చదివింది. చివరి నుంచి రెండో పేరు వినబడగానే, ముందు వరసలోంచి పాత సైనికుడి గొంతు ఖంగుమంది.

"ఉన్నాను సార్!"

అలవాటు కొద్దీ నోరు జారిందో, కావాలనే అన్నాడో ఎవరికీ తెలియలేదు. నవ్వులూ చప్పట్లూ చాలాసేపు ఆగలేదు. ఆ అమ్మాయి కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, అవి సద్దుమణిగేదాకా ఆగింది. అప్పుడు ఆఖరిది, అతని స్నేహితుడి పేరు, చదివింది.

లేవమని ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా నవ్విన జనం ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. అతనూ లేవబోతే మోకాలు మొరాయించింది. భార్య భుజం అందించింది. ఆ భుజం పట్టుకుని, వంగిన నడుమును వీలైనంత నిటారు చేసుకుని నిలబడ్డాడు.