చిక్కుడుకాయ కూర వండిన వారం

దమ్మపేట దాటాక అడవి అంచున ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉండేది. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో నేను అందులో ఆయాగా చేరాను. గదులు ఊడ్వడమే పని అన్నారు. నెల తిరక్కముందే వాచ్‌మన్ మానేశాడని గేటు దగ్గర కూర్చోబెట్టారు. జ్వరాల కాలం రాగానే జబ్బు పిల్లల గదికి పంపారు. ఏ గోలీ ఎవరికి ఎప్పుడివ్వాలో నర్సు ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోయింది. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కునేసరికి గోలీ వేళ దాటిపోయేది. ఒళ్ళు వంచడం నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. చెయ్యి కుదిరే లోపే ఆ పని తీసేసుకుని ఇంకోటి అంటగట్టడమే మింగుడుపడేది కాదు.

దసరా సెలవులయ్యాక వంటామెను చండ్రుగొండ వైపు హాస్టల్‌కు మార్చారు. ఆమె పొద్దున బస్సెక్కింది. మధ్యాహ్నం నుంచి వంట నాది.

"వందమందికి ఎన్ని బియ్యం పొయ్యాలె మేడమ్?" అని వార్డెన్‌ను అడిగాను.

"ఇంట్ల వండలేదా నువ్వు? గదే, జర ఎక్కువ పొయ్యి," అంది.

నాకు నేర్పిందల్లా అంతే. రెండు రోజులు అన్నం మాడింది. మూడో రోజుకు కుదిరింది, ఇక నాకు తెలియనిదేముందనుకున్నాను.

చలి మొదలవగానే చిక్కుడుకాయ దిగింది. చవకగా గంపలకొద్దీ వచ్చేది కాబట్టి వారమంతా అదే కూర. కంచంలో మెతుకు వదిలితే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఇంట్లో గంజి కూడా పారబోసి ఎరగను. ఆరో తరగతి చదివే ఒక కోయ పిల్ల రోజూ కూర పక్కకు తోసి వట్టి అన్నం తినేది.

"నాకొద్దు ఆయమ్మా," అంది.

"వద్దంటే వేరేది పెట్టనీకి మీ అయ్య ఈడ హోటల్ తెరిచిండా? తిను. తినేదాక లేవకు."

చుట్టూ పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కంచం ముందు చాలాసేపు కూర్చుంది, కూర మాత్రం ముట్టలేదు. మర్నాటి నుంచి భోజనాలకే రాలేదు. కడుపునొప్పని జబ్బు పిల్లల గదిలో పడుకుంది. ఆ గది చూసే ఆమె పోయిన వారం దాకా ఊడ్చే పనిలో ఉంది. ఎవరు తింటున్నారో ఎవరు తినడం లేదో కనిపెట్టాలని ఆమెకూ ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు ఆ పిల్ల పొద్దుటి ఉప్మా రెండు ముద్దలతోనే గడిపింది. నాలుగో రోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడింది. మెట్టు అంచు తగిలి నుదురు చిట్లింది. దవాఖానాలో కుట్లు వేశారు.

తెల్లారి తండ్రి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. వంటగది అరుగు మీద కూర్చుని మెల్లగా మాట్లాడాడు.

"మా ఊళ్ల చిక్కుడు పండుగ ఇంక కాలేదమ్మా. మిగతా ఊళ్లల్ల అయింది. వేల్పుకు పెట్టకముందు కొత్త కాయ మేం ముట్టం. పాత వంటామెకు ఎరుకే. గీ దినాలల్ల పిల్లలకు పప్పు వేరే పెట్టేది. నీకు చెప్పి పోలేదా?"

"లేదు. పిల్లకు నోరుంది గద, చెప్పొద్దా?"

"నలుగుట్ల నవ్వుతుంటే ఏం చెప్తది?"

వార్డెన్ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పూటే మళ్ళీ గేటుకు మార్చింది. తండ్రి పిల్ల పెట్టె నెత్తిన పెట్టుకుని వస్తే గేటు తీయాల్సింది నేనే. తలకు కట్టుతో ఆ పిల్ల నా ముందు నుంచే వెళ్ళింది. తలెత్తి చూడలేదు.

వంటకు నా చోట వచ్చిన కొత్తామె దగ్గరికి పోయి, చిక్కుడు వండినప్పుడు పప్పు వేరే పెట్టాలని చెప్పాను.

"మేడమ్ చెప్తే పెడత వదినా," అంది.

"మేడమ్‌కే తెల్వదు. నేను చెప్తున్న, పెట్టు."

సరేనంది.

వాళ్ళ ఊళ్ళో పండుగ అయిపోయిందని విన్నాను. పది రోజులు చూశాను, పిల్ల రాలేదు. ఇంకొన్నాళ్ళు పోతే చదువు మాన్పించినట్టే లెక్క. సెలవు దొరికిన ఆదివారం వాళ్ళ ఊరికి నడిచాను. ఆ పిల్ల వాకిట్లో వడ్లు చెరుగుతోంది. నుదుటి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"నేను పొమ్మనే అంటున్న. వింటలేదు. నువ్వే అడుగమ్మా," అన్నాడు తండ్రి.

"తప్పు నాదే బిడ్డా. వచ్చి చదువుకో," అన్నాను. కన్నపిల్లల ముందు కూడా నేను ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు.

"ఇప్పుడు వంట ఎవరు చేస్తుండ్రు?"

"కొత్తామె. చెప్పిన. నీకు పప్పు వేరే పెడతది."

"ఆమెను మారిస్తే?"

మార్చరు అంటే వచ్చేదేమో. నోటిదాకా వచ్చింది కూడా.

"మారుస్తరు," అన్నాను. "ఎప్పుడో నాకు తెల్వదు."

ఆ పిల్ల తల ఊపింది. చేట మళ్ళీ ఎత్తింది. తండ్రి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి, ఒక్కదాన్నే వెనక్కి నడిచాను.