మా మరిది మిలిటరీ ఉద్యోగం

కూరగాయల బండివాడు ఒకసారి మా తోడికోడలి గుమ్మానికి అడ్డంగా బండి పెట్టి, తియ్యనని మొరాయించాడు.

“మా ఆయన మిలిటరీ! ఒక్క మాట చెప్పానంటే నీ ఇంటి ముందు జీపు ఆగుతుంది,” అంది ఆమె.

“ఆగనీ. నాలుగు వంకాయలు ఎక్కించి పంపుతా.”

“వంకాయలు కాదురా, నిన్నే ఎక్కిస్తారు!”

వీధంతా నవ్వింది. బండి కదిలింది. ఆమెకు మిలిటరీ అమ్మ అని పేరు స్థిరపడిపోయింది.

మా మరిది మిలిటరీ క్యాంపులో పనిచేసే మాట నిజమే. కాకపోతే పట్టేది తుపాకీ కాదు, పీచు. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక, క్యాంపులో బయటివాళ్లకూ పనులుంటాయని ఎవరో చెబితే పక్కగేటు దగ్గర పడిగాపులు కాశాడు. పోలీసులు వచ్చి, మనిషి ఎలాంటివాడని ఇరుగుపొరుగును విచారించి పోయారు. చివరికి సిపాయిల వంటశాలలో గుండిగలు తోమే పని దొరికింది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కడిగి ఎరగని మహానుభావుడు అక్కడ గుండిగలోకి నడుం దాకా దూరి తోముతాడు. ఫొటో ఉన్న బిళ్ల మెడలో వేసుకుని అన్నం దగ్గర కూడా తియ్యడు.

“వదినా, ఇది లేకపోతే కల్నల్ బావమరిదినైనా లోపలికి రానివ్వరు,” అని మురిసిపోతాడు.

ఆమెకేమో తల కొట్టేసినట్టుండేది. అతను పనిలో కట్టుకునే ఏప్రాన్ దండెం మీద వేసేది కాదు, వంటింటి తలుపు వెనక ఆరేసేది. సబ్బునీళ్లకు పగిలిన అతని వేళ్లు చూసి ఎవరైనా అడిగితే, “తుపాకీ నూనె పడదు ఆయనకి,” అనేది. మరిదిని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే దాచే మనిషి కాదు.

నిన్న మధ్యాహ్నం ఆమె గుమ్మంలో నలుగురు ఆడవాళ్లం కూర్చుని ఉండగా, బండివాడి కూతురు అరటిపళ్లు పట్టుకుని వచ్చింది.

“పిన్నిగారూ, నాకు క్యాంపు వంటశాల స్టోరులో ఉద్యోగం వచ్చింది! కాగితాలు ఇవ్వడానికి వెళితే బాబాయిగారు కనిపించారు. గుండిగలోంచి తల బయటపెట్టి, ‘రేపు పక్కగేటు దగ్గరికి రా అమ్మా, నేను తీసుకెళతాలే’ అన్నారు. ఎంత మంచివారో!”

పిల్ల కల్లాకపటం ఎరగదు. వెనకే నిలబడ్డ తండ్రి ఊరుకుంటాడా?

“అయితే జీపు వచ్చేది గుండిగలు దింపడానికా అమ్మా?”

పక్కవాళ్లు కిసుక్కుమన్నారు. మా తోడికోడలు పళ్లు అందుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనకే నేనూ లేచాను. ఇంటి పరువు వీధిలో పడితే పెద్దకోడలు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది?

“నలుగురిలో నవ్వులపాలు చేశావు కదే,” అన్నాను.

“నవ్వితే నవ్వనీ అక్కా. ఆయన డ్యూటీ దిగి ఈ వీధిలోంచే రావాలి. తన పని నాకూ గొప్పే అనుకుంటున్నాడు, పిచ్చి మారాజు.”

కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గోడవైపు తిరిగింది.

“నువ్వు వీధి మలుపు దాకా ఎదురెళ్లు అక్కా. ఆ బండివాడి నోట వినకముందే నువ్వే చెప్పు.”

“ఏమని చెప్పనే?”

“ఆయన పని చెప్పుకోడానికి నాకు సిగ్గేసిందని చెప్పు. ఆ మాట నా నోట రాదు.”